వెండి నక్క వెల

కెనడా అడవుల్లో ఎర్ర నక్కల ఈతలో అరుదుగా ఒక నల్లపిల్ల పుడుతుంది. దాని నల్లని వెంట్రుకల కొసలు వెండిలా మెరుస్తాయి. జాతి ఒకటే, రంగే వేరు. ఆ మెరుపే దానికి మృత్యువైంది. వెండి నక్క చర్మానికి ఎర్రదానికన్నా ఎన్నో రెట్లు ధర పలికేది గనుక వేటగాడు ముందుగా దానినే వెంటాడాడు.

బొచ్చు వ్యాపారపు పద్దులను చార్లెస్ ఎల్టన్ సేకరించగా, 1942లో జె.బి.ఎస్. హాల్డేన్ వాటికి లెక్కగట్టారు. 1834 ప్రాంతంలో సుమారు 16 శాతమున్న వెండి చర్మాలు 1933 నాటికి 5 శాతానికి పడిపోయాయి. ఏ చట్టమూ వాటి నిర్మూలనను ఆదేశించలేదు. ఆ పని ధర చేసింది. అయినా వెండి రంగు నశించలేదు. మిశ్రవర్ణపు నక్కల నెత్తుటిలో దాని జన్యువు మిగిలే ఉంది.

గణతంత్రాలకూ ఈ లెక్క వర్తిస్తుంది. భిన్నంగా కనిపించేవారి పట్ల సహనం ప్రకటిస్తే చాలదు. వారిని వేటాడితే ఎవరికి లాభమో అడగాలి.

హాల్డేన్ 1957లో భారతదేశానికి తరలివచ్చి, ఈ దేశ పౌరుడై, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశారు. ఆయన కోరిక మేరకు దేహం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేరింది. చర్మాల వెల చేసిన విధ్వంసాన్ని లెక్కించిన మనిషి, తన దేహాన్ని మాత్రం వెల లేకుండా విద్యార్థులకు ఇచ్చి వెళ్లారు.