బీరువాలో కెమెరాకు సీడీ అక్కర్లేదు

2002 నుంచి ఓ పదేళ్లపాటు అమెరికా నుంచి వచ్చి మద్రాసులో దిగి, నెల్లూరు దారి పట్టిన సూట్‌కేసుల్లో డిజిటల్ కెమెరా లేనిది అరుదు. థాంక్స్‌గివింగ్ మర్నాడు తెల్లవారుజామున చలిలో వరసలో నిలబడి కొన్న కోడాక్, కానన్, సోనీ, నికాన్ కెమెరాలవి. నాయనకో, మామకో, అక్కకో ఇచ్చి, నొక్కాల్సిన బొత్తాం చూపించి, సెలవు అయిపోగానే తిరుగు విమానం ఎక్కేవాళ్లం. పెట్టెలో కెమెరాతోపాటు ఒక కేబుల్, నాలుగైదు భాషల్లో అచ్చేసిన పుస్తకం, ఒక సీడీ ఉండేవి. ముందు సీడీ వేయండి, ఆ తర్వాతే కేబుల్ తగిలించండి అని హెచ్చరిక కాగితం కూడా చాలా పెట్టెల్లో ఉండేది.

పుస్తకం ఎవరూ చదవలేదు గానీ ఆ హెచ్చరిక మాత్రం మనవాళ్ల మనసుల్లో పాతుకుపోయింది. సీడీ పోతే ఫోటోలూ పోయినట్టేనని ఇప్పటికీ నమ్ముతున్న ఇళ్లు మా వైపు ఎన్నో ఉన్నాయి.

మాది ఇందుకూరుపేట మండలం, మైపాడు సముద్రానికి దగ్గరి ఊరు. పోయిన సంక్రాంతికి వెళ్లినప్పుడు మా పెద్దమ్మ బీరువా అడుగు అరలోంచి గుడ్డసంచి తీసి నా చేతిలో పెట్టింది. "మీ పెదనాయన కెమెరా ఇది. అన్న డాలస్ నుంచి తెచ్చిచ్చిందే. సీడీ యాడ పోయిందో కనపడలా. టౌన్లో అడిగితే అది లేకుండా బొమ్మలు రావన్నారు. పారేసేదానికి మనసొప్పక పెట్టుకోనుండా." పెదనాయన పోయి చాలా కాలమైంది. ఆయన సంచిలో ఎప్పుడూ ఉండిన కెమెరా అది.

డిజిటల్ కెమెరాలు వచ్చిన కొత్తలో సీడీ నిజంగానే కావాల్సి వచ్చేది. 1990లలో కెమెరాను కంప్యూటర్ వెనక సీరియల్ పోర్టుకు తగిలించేవాళ్లు. ఒక్కో కంపెనీ కెమెరా ఒక్కో తీరుగా మాట్లాడేది, ఆ తీరు కంప్యూటరుకు నేర్పడానికే సాఫ్ట్‌వేర్ ఇచ్చేవాళ్లు. 1998లో జపాన్ ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ సంఘం ఒక కట్టడి పెట్టింది. ఏ కంపెనీ కెమెరా అయినా సరే, కార్డులో డీసీఐఎం అనే ఫోల్డరు ఉండాలి, ఫోటోలన్నీ అందులోనే చేరాలి. ఫోటో పేరు నాలుగు అక్షరాలు, వెనక నాలుగు అంకెలు. 2000లో కెమెరా నుంచి ఫోటోలు దించే ఉమ్మడి పద్ధతి కూడా కుదిరింది. పీటీపీ అంటారు దాన్ని. అదే తర్వాత ఐఎస్ఓ 15740 అనే అంతర్జాతీయ ప్రమాణమైంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ ఆ పద్ధతిని తనలోనే ఇముడ్చుకుని వచ్చింది. ఆపిల్ కంప్యూటర్లలో ఇమేజ్ క్యాప్చర్ అనే చిన్న ప్రోగ్రాం ఇదే పని చేస్తుంది, ఇవాళ్టికీ ఉంది. అంటే మన సూట్‌కేసుల్లోకి కెమెరాలు ఎక్కే నాటికే చాలావాటికి ఆ సీడీతో పని తీరిపోయింది.

అయినా ఎందుకు ఇచ్చేవాళ్లంటే, అందులో ఉన్నది ఫోటోలు దించే సాధనం ఒక్కటే కాదు. ఆల్బమ్‌లు, ప్రింట్లకు ఆర్డరిచ్చే బొత్తాలు, కంపెనీ సొంత వెబ్‌సైటుకు దారి, అన్నీ కలిపి పెట్టేవాళ్లు. కొన్ని ప్రోగ్రాముల్లో మనం రాసుకున్న శీర్షికలు ఫోటోలో కాక ఆ ప్రోగ్రాం లెక్కల పుస్తకంలోనే ఉండిపోయేవి. ప్రోగ్రాం పోతే అవీ పోయేవి. ఫోటో ప్రపంచానికి పెద్ద దిక్కనుకున్న కోడాక్ 2012 జనవరిలో దివాలా పిటిషన్ వేసి, ఆ వెంటనే డిజిటల్ కెమెరాల తయారీ నుంచే తప్పుకుంది. దాని ఆన్‌లైన్ గ్యాలరీ అదే ఏడాది మూతపడింది. పైగా 32 బిట్ల కాలంలో రాసిన డ్రైవర్లు ఇప్పటి 64 బిట్ల విండోస్‌లో ఎక్కవు. కాబట్టి పెద్దమ్మకు ఆ సీడీ దొరికి ఉన్నా మాకు పెద్దగా ఒరిగేది లేదు. ఇప్పటి లాప్‌టాప్‌లు చాలావాటికి సీడీ పెట్టే చోటే లేదు.

పని ఎలా జరిగిందో చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. మా ఊళ్లో ఉప్పుగాలికి ఇనుము, రాగి, ఏదీ నిలవదు. బ్యాటరీల గది తెరిస్తే పాత సెల్సు కారిపోయి, పలకల మీద చిలుము పట్టి ఉంది. కొంచెం వెనిగర్ అద్దిన దూదితో తుడిచి బాగా ఆరనిచ్చాను. అది మామూలు పెన్సిల్ సెల్సుతో నడిచే కెమెరా కావడం మా అదృష్టం. కొత్తవి వేయగానే తేదీ ఎంతని అడుగుతూ లేచింది. సొంత లిథియం బ్యాటరీ ఉన్నవాటికి ఇన్నేళ్ల తర్వాత చార్జి నిలవడం కష్టం. అలాంటప్పుడు కెమెరాతో పెనుగులాడకుండా కార్డు బయటికి తీసి కార్డు రీడర్‌లో పెట్టడం మేలు.

కేబుల్ విషయంలో ఒక మాట. ఆ కాలపు కెమెరాలు చాలావాటికి మినీ యూఎస్‌బీ సరిపోతుంది, పాత ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కుల కేబులే అది. కొన్నింటికి మాత్రం కంపెనీ సొంత ఎనిమిది పిన్నుల మూతి ఉంటుంది, దానికి దాని కేబులే కావాలి. చార్జింగుకు మాత్రమే పనికొచ్చే కేబుళ్లు కొన్ని ఉంటాయి, వాటిలో ఫోటోలు కదలవు. కేబుల్ తగిలించి, కెమెరాను ఫోటోలు చూసే మోడ్‌లో పెట్టి ఆన్ చేయాలి. కొన్ని కెమెరాలు పెన్‌డ్రైవ్‌లాగా ఒక డ్రైవ్ అక్షరంతో వస్తాయి. కొన్ని అక్షరం లేకుండా కెమెరా బొమ్మగా కనపడతాయి, పీటీపీ పద్ధతి అంటే అది. మా పెదనాయన కెమెరా రెండో రకం. తెరిస్తే లోపల డీసీఐఎం ఉంది. ఫోల్డరు మొత్తం పట్టుకుని కంప్యూటర్లోకి లాగాను. మధ్యలో విండోస్ ఏదో ఇంపోర్టు చేస్తానని అడుగుతుంది, ఒప్పుకోనక్కర్లేదు. దించాక కెమెరాలోంచి తుడిచేయనా అని అడిగితే అసలే ఒప్పుకోవద్దు. ఎస్‌డీ కార్డు పక్కన చిన్న తాళం మీట ఉంటుంది, కార్డు రీడర్‌లో పెట్టేముందు దాన్ని కిందికి జరిపితే చాలా రీడర్లలో కంప్యూటర్ ఏదీ చెరపలేదు.

డీసీఐఎం ఒక్కటే కాపీ చేసి కార్డు ఖాళీ చేసినవాళ్లు వీడియోలు పోగొట్టుకుంటారు. కొన్ని కెమెరాలు, ముఖ్యంగా ఏవీసీహెచ్‌డీ పద్ధతిలో తీసేవి, వీడియోలను ప్రైవేట్ అనే వేరే ఫోల్డరులో, దాని లోపల మూడు మెట్లు దిగితే గానీ కనపడని చోట పెడతాయి. అందుకని కార్డులో ఉన్నదంతా ఎత్తి పెట్టుకోవాలి. పేర్ల గొడవ ఇంకోటి. అంకెలు 9999 దాటాక మళ్లీ మొదటికి వస్తాయి, రెండు కెమెరాల ఫోటోలకు ఒకే పేరు రావచ్చు. ఒక్కో కార్డుకు ఒక్కో ఫోల్డరు పెట్టుకుంటే ఒకదాని మీద ఒకటి పడదు.

లినక్స్ వాడేవాళ్లకు జీఫోటో అనే ఉచిత ప్రోగ్రాం ఉంది, ఎవరెవరో స్వచ్ఛందంగా రాసింది, రెండున్నర వేలకు పైగా కెమెరాలతో మాట్లాడుతుంది. కంప్యూటరే లేని ఇంట్లో ఆండ్రాయిడ్ ఫోనుకు ఓటీజీ ముక్క (యూఎస్‌బీ మూతి ఇచ్చే అడాప్టర్) తగిలించి, దానికి కార్డు రీడర్ పెడితే చాలు. ఎక్స్‌డీ కార్డు, మెమరీ స్టిక్ వాడిన కెమెరాలున్నవాళ్లు మాత్రం కెమెరాను పారేయకండి. ఆ కార్డులు చదివే రీడర్లు ఇప్పుడు దొరకడం కష్టం, కెమెరా, కేబులే వాటికి రీడర్. పులికాట్‌కు రాజహంసల కోసం, నేలపట్టుకు గూడబాతుల కోసం పెద్ద లెన్సులతో వచ్చేవాళ్లకూ కంపెనీ సీడీ అక్కర్లేదు. వాళ్ల కెమెరాలు మార్పులు చేయకుండా దాచే రా ఫైళ్లు తెరవడానికి డార్క్‌టేబుల్ లాంటి ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి.

ఫోటోలు దిగాక ఒక చిక్కు చూశాం. భోగి మంట ఫోటో వివరాల్లో ముందురోజు సాయంత్రం అయిదున్నర అని ఉంది. అన్న డాలస్‌లో గడియారం పెట్టిచ్చాడు, పెదనాయన దాన్ని మార్చలేదు. చలికాలంలో డాలస్ మనకన్నా పదకొండున్నర గంటలు వెనక. ఫోటోతోపాటు నమోదయ్యే వివరాల్లో ఏ దేశపు గంట అన్నది అప్పట్లో ఉండేది కాదు, 2016లో గానీ దానికి చోటివ్వలేదు. ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత సాధనంతో ఆ ఫోల్డరులోని ఫోటోల గంటలన్నీ ముందుకు జరిపాను. ప్రవాసులు ఇచ్చిన కెమెరాల్లో ఈ తేడా చాలాచోట్ల ఉంటుంది, తారీకు చూసి ఏ పండగో తేల్చేముందు దీన్ని గుర్తుంచుకోవాలి.

ఇంత తాపత్రయం ఎందుకంటే, ఆ కార్డులో ఉన్నది మా ఇంటి ఫోటోలే కాదు. పెదనాయన రొయ్యల గుంటల పని మీద ముత్తుకూరు వైపు తిరిగేవాడు. 2004 డిసెంబరు 26న సునామీ మా తీరాన్ని కొట్టిన తర్వాతి ఏడాది కొన్న కెమెరా అది. ఒడ్డున కొత్తగా పుట్టిన ఇసుక మేటలు, గట్టెక్కించిన పడవలు, బకింగ్‌హామ్ కాలువలో బల్లకట్టు, అన్నీ తీశాడు. కృష్ణపట్నంలో ఓడరేవు నడవడం మొదలైంది 2008లో. నేలటూరులో థర్మల్ కేంద్రం ఎత్తు చిమ్నీలు అంతకన్నా తర్వాతివి. ఆయన ఫోటోల్లో ఆ దిక్కున ఆకాశం ఖాళీగా ఉంది, తాటిచెట్లు, చవిటి నేల, ఎండబెట్టిన వలలు ఉన్నాయి. ఆ ఊళ్లు అప్పుడెలా ఉండేవో చెప్పే ఫోటోలు తీరం పొడుగునా ఇలాంటి బీరువాల్లోనే ఉన్నాయని నా నమ్మకం. వాటిని ఎవరూ అడగలేదు, అడిగినా సీడీ లేదన్న జవాబే వచ్చి ఉంటుంది.

అన్నకు డాలస్‌కు పంపేటప్పుడు పెద్దమ్మ వాట్సాప్‌లో పెట్టమంది. ఫోటోగా పెడితే అది కుదించేస్తుంది, తేదీ వివరాలనూ తీసేస్తుంది. డాక్యుమెంటుగా పంపితే ఉన్నదున్నట్టు చేరుతుంది. అలాగే పంపి, ఇంట్లో ఒక హార్డ్‌డిస్కులో ఒక ప్రతి, నా దగ్గర ఒక ప్రతి ఉంచాం. ఒకవేళ కార్డు తెరుచుకోకుండా ఫార్మాట్ చేయమని కంప్యూటర్ అడిగితే, చేయకుండా ఆపి ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాంతో ఒకసారి వెతకండి. కార్డు మీద కొత్తగా ఏదీ రాయకపోతే చాలాసార్లు పాతవి దొరుకుతాయి.

మిగిలింది పేర్లు. ఏ సాఫ్ట్‌వేరూ చేయలేని పని అది. పెద్దమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో ఫోటోకు ఎవరెవరో అడిగి, అదే ఫోల్డరులో మామూలు టెక్స్టు ఫైల్లో తెలుగులో రాసిపెట్టాను. "ఈయన పాళెంలో వలలు అల్లేవాడు, సునామీకి ఇల్లు పోయింది, తర్వాత కావలికి పోయినారు" అని ఆమె చెప్పినది చెప్పినట్టే రాశాను. సగం అయ్యాయి. మిగతావి వారానికోసారి వీడియో కాల్‌లో చేస్తున్నాం. ఇది విని ఎదురింటివాళ్లు కూడా తమ కెమెరా బయటికి తీశారు. దానిది ఎనిమిది పిన్నుల కేబుల్, ఇక్కడ అమెరికాలో పాత సామాన్ల దుకాణంలో ఒకటి దొరికింది, ఈ వేసవిలో ఊరికి వెళ్లే స్నేహితుడి చేతికిచ్చి పంపుతున్నాను.