మైనస్ 37 డాలర్ల నూనె

2020 ఏప్రిల్ 20న న్యూయార్కులో ముడి చమురు ధర పీపాకి మైనస్ 37.63 డాలర్ల దగ్గర ముగిసింది. అంటే అమ్మేవాడే ఎదురు డబ్బులిచ్చి తీసుకెళ్ళమన్నాడన్నమాట. "మరి మన బంకుల్లో పెట్రోలు ఎందుకు తగ్గలేదోయ్?" అని మా బావ ఇప్పటికీ అడుగుతుంటాడు.

నిజానికి ఆ ధర చమురుది కాదు, ఒక కాగితానిది. మే నెల ఫ్యూచర్స్ కాంట్రాక్టు అది. దాన్ని గడువు దాకా పట్టుకున్నవాడు ఓక్లహామాలోని కుషింగ్ అనే ఊళ్ళో వెయ్యి పీపాలు (పీపా అంటే సుమారు 159 లీటర్లు) దింపుకోవాలి. మామూలుగా చాలామంది ముందే ఇంకొకళ్ళకి అమ్మేసి తప్పుకుంటారు. ఆ ఏప్రిల్లో కరోనా దెబ్బకి కొనేవాళ్ళు లేరు. కుషింగ్‌లో మిగిలిన ట్యాంకులు కూడా ఎవరో ఒకరు ముందే మాట్లాడేసుకున్నారు. మర్నాడే గడువు. 1,59,000 లీటర్ల నూనె పెరట్లో పోసుకోలేం కదా!

అదే రోజు బ్రెంటు మాత్రం 25 డాలర్ల పైనే ఉంది. అది ఉత్తర సముద్రంలో ఓడకెక్కే సరుకు, ఒక రేవు నిండితే ఇంకో రేవుకి తిప్పొచ్చు. పైగా ఆ కాంట్రాక్టుని చివర్లో డబ్బుతో తేల్చుకోవచ్చు. కుషింగ్ చుట్టూ నేలే, పైపులే దిక్కు. (తమాషా ఏంటంటే, అసలు బ్రెంటు బావులు 2021లోనే మూతపడ్డాయి. 2023 నుంచి ఆ పేరుతో కట్టే ధరలో టెక్సాస్ నూనె కూడా కలుస్తోంది!)

మన దేశం కొనే చమురుకి లెక్కగట్టే సగటులో ఎక్కువ భాగం ఒమన్, దుబాయ్ రకాలది, మిగతాది బ్రెంటుది. కుషింగ్‌కి అందులో చోటే లేదు. అవి కూడా పడ్డాయిగా అంటారా? పడ్డాయి. ఆ మే నెలలోనే కేంద్రం లీటరు పెట్రోలు మీద 10, డీజిలు మీద 13 రూపాయలు సుంకం పెంచింది. బావకి నా జవాబు ఇంతే.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఎంసీఎక్స్ సంగతి. ముంబైలోని ఆ ఎక్స్ఛేంజీలో చమురు కాంట్రాక్టు 100 పీపాలది. నూనె దింపుకునే పన్లేదు, న్యూయార్కు ధరని బట్టి రూపాయల్లో తేల్చేస్తారు. మామూలుగా రాత్రి 11:30 దాకా ట్రేడింగు ఉండేది. లాక్‌డౌన్ వల్ల ఆ రోజుల్లో సాయంత్రం 5కే ఆపేసేవాళ్ళు. న్యూయార్కులో ధర తేలేసరికి మనకి అర్ధరాత్రి. చివరికి పీపాకి మైనస్ 2,884 రూపాయల చొప్పున లెక్క కట్టారు. పోతే మహా అయితే పెట్టిందంతా పోతుందనుకున్నవాడు, అది పోగా లాటుకి ఇంకో 2,88,400 ఎదురు కట్టాలి. బ్రోకర్లు కోర్టుకెక్కారు.

మైనస్ ధర రావచ్చని న్యూయార్కు ఎక్స్ఛేంజీని నడిపే సీఎంఈ వాళ్ళు ఆ నెలలోనే ముందస్తుగా చెప్పారు. అయినా మైనస్ గుర్తు కొడితే తీసుకోని బ్రోకరేజీ సాఫ్ట్‌వేర్లు బయటపడ్డాయి. ధర సున్నా కన్నా తగ్గదు అనుకుని కోడు రాసినవాణ్ణి నేను తిట్టను, నేనైనా అలాగే రాసేవాణ్ణి, మీరైనా అంతే. సాయంత్రం తలుపులేసి అర్ధరాత్రి ధరకి బిల్లు వెయ్యడం మాత్రం, రూల్ ప్రకారం ఎంత సరైనదైనా, నాకింకా మింగుడుపడలేదు.