కారు లేని కాపురం!

ఇంటి ముందు కారు ఉంటే అదో దర్జా. కానీ ఆ పేటలో లేకపోవడమే దర్జా! అక్కడ వీధులు పిల్లలవి. దుకాణం కింది అంతస్తులో, ట్రామ్ నాలుగడుగుల దూరంలో, కరెంటు ఇంటికప్పు మీద. ఒకప్పుడు సైనికుల బ్యారక్‌లు ఉన్నచోట జనమే కూర్చుని మాట్లాడుకుని కట్టుకున్న ఆ పేట పేరు వోబాన్. జర్మనీలోని ఫ్రైబుర్గ్ నగరంలో ఉంది. దేశదేశాల నుంచి మేయర్లూ ఇంజినీర్లూ వచ్చి చూసి వెళ్తుంటారు. అయితే, అంత బాగుండటమే ఇప్పుడా ఊరికి కొత్త తలనొప్పి తెచ్చిపెట్టింది. అదేంటంటే...

జర్మనీకి నైరుతి మూలన, ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ సరిహద్దులకు దగ్గర్లో, బ్లాక్ ఫారెస్ట్ కొండల పాదాల చెంత ఉంటుంది ఫ్రైబుర్గ్. జనాభా 2.3 లక్షల పైచిలుకు. మబ్బులెక్కువగా ఉండే ఆ దేశంలో ఎండ బాగా కాసే నగరాల్లో ఇదొకటి. ఆ ఎండను ఊరు ఎంత అపురూపంగా చూసుకుంటుందో రైలు దిగగానే తెలిసిపోతుంది. స్టేషన్ పక్కనున్న ఎత్తైన భవనం దక్షిణపు గోడ నల్లగా నిగనిగలాడుతుంటుంది. అవి అద్దాలు కావు, సౌరఫలకాలు. రైలు పట్టాల మీదుగా వెళ్లే వంతెనపైనే ట్రామ్ ఆగుతుంది. మూడో నంబరు ట్రామ్ ఎక్కితే పావుగంటలో వోబాన్.

కాలువలో కాలు పడితే పెళ్లే!

ట్రామ్ ముందుగా పాతబస్తీలోకి వెళ్తుంది. నడివీధిలో, రాతిబాట అంచున అడుగు వెడల్పు కాలువలు గలగలా పారుతుంటాయి. వాటిని ‘బెఖ్లె’ అంటారు. మధ్యయుగాల్లో అగ్నిప్రమాదాలప్పుడు నీళ్లకూ, పశువులు తాగడానికీ ఈ కాలువలే దిక్కు. ఇప్పుడు పిల్లలు వాటిలో బొమ్మపడవలు వదులుతుంటారు. పొరపాటున అందులో కాలు వేసినవాళ్లు ఆ ఊరివాళ్లనే పెళ్లాడతారని స్థానికుల నమ్మకం. అందుకేనేమో, పర్యాటకుల్లో కొందరు జాగ్రత్తగా దాటితే మరికొందరు కావాలనే కాలు పెడుతుంటారు!

రెండో ప్రపంచయుద్ధంలో 1944 నవంబరు 27 రాత్రి కురిసిన బాంబులకు ఈ పాతబస్తీ నేలమట్టమైంది. 116 మీటర్ల ఎత్తున్న చర్చి శిఖరం మాత్రం నిలిచింది. యుద్ధం తర్వాత చాలా నగరాలు కార్లకోసం వెడల్పాటి రోడ్లు వేసుకుంటే ఫ్రైబుర్గ్ మాత్రం పాత వీధుల తీరునే తిరిగి కట్టుకుంది. 1973లో నగరం నడిబొడ్డున కార్లను ఆపేసి ఆ వీధుల్ని పాదచారులకు వదిలేసింది. పాతకాలం బండ్లని ఎన్నో ఊళ్లు ట్రామ్ పట్టాల్ని పీకేస్తున్న రోజుల్లో ఉన్నవి అట్టిపెట్టుకుని, తర్వాత పొడిగించుకుంటూ పోయింది. 1984లో ‘పర్యావరణ కార్డు’ పేరిట చవకైన నెలవారీ పాసు తెచ్చింది. 1991 నుంచి ఒకే పాసుతో చుట్టుపక్కల జిల్లాల్లోనూ బస్సు, ట్రామ్, రైలు ఎక్కే వీలు కల్పించింది. ఇప్పటికీ ట్రామ్ పాత కోటద్వారం కిందనుంచే దూరి వెళ్తుంది.

సైన్యం ఖాళీ చేశాక...

కోటద్వారం దాటి దక్షిణంగా వెళ్తే కాసేపటికి కంకర మాయమై పట్టాల మధ్య పచ్చగడ్డి మొదలవుతుంది. అదే వోబాన్. ఆ పేరు ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ కొలువులో కోటలు కట్టడంలో దిట్ట అయిన ఇంజినీరుది. 1930ల్లో హిట్లర్ సైన్యం కోసం ఇక్కడ బ్యారక్‌లు కట్టారు. యుద్ధంలో ఓడాక ఫ్రెంచి సైన్యం వచ్చి అందులో మకాంపెట్టి తమవాడి పేరు పెట్టుకుంది. రెండు జర్మనీలూ ఒక్కటయ్యాక 1992లో ఆ సైన్యం వెళ్లిపోయింది. దాదాపు 40 హెక్టార్ల స్థలం ఖాళీ!

మామూలుగా అయితే పెద్ద బిల్డరు ఎవరో వచ్చి అపార్టుమెంట్లు లేపేసేవాడు. ఇక్కడ అలా జరగలేదు. స్థలంలో అధికభాగాన్ని నగరపాలక సంస్థే కొంది. 1994లో ‘ఫోరమ్ వోబాన్’ పేరుతో పౌరులు ఒక సంఘంగా ఏర్పడ్డారు. పేట ఎలా ఉండాలన్నదానిపై జనంతో మాట్లాడే బాధ్యతను నగరం ఈ సంఘానికే అప్పగించింది. వీధి ఎంత వెడల్పుండాలి, పాతచెట్లలో వేటిని ఉంచాలి, కారెక్కడ ఆపాలి... అన్నీ చర్చే. స్థలాల్ని చిన్న ముక్కలుగా చేసి, కలిసి ఇల్లు కట్టుకుంటామంటూ వచ్చిన కుటుంబాల బృందాలకు అమ్మారు. పది పదిహేను కుటుంబాలు ఒక ఆర్కిటెక్టును పెట్టుకుని తమ భవనాన్ని తామే కట్టించుకోవడమన్నమాట. దాంతో బిల్డరు లాభం మిగిలింది, గడపలో అడుగుపెట్టేనాటికే ఇరుగుపొరుగులు స్నేహితులైపోయారు. పాత బ్యారక్‌లలో కొన్నింటిని విద్యార్థుల వసతికిచ్చారు. మరికొన్నింటిని తక్కువ ఆదాయంవాళ్లు సంఘం పెట్టుకుని బాగుచేసుకుని ఉంటున్నారు. ఇప్పుడక్కడ ఉంటున్నవాళ్లు సుమారు 5,500 మంది.

కట్టని గ్యారేజీకి డబ్బులు!

వోబాన్ లోపలి వీధుల్లో కారు నిలపకూడదు. సామాను దించుకోవడానికి రావచ్చు, అదీ మనిషి నడిచేంత వేగంతో. దించాక పేట అంచున ఉన్న బహుళ అంతస్తుల గ్యారేజీలో పెట్టి రావాలి. అందులో చోటు కావాలంటే ఇంటి ధరకు అదనంగా వేల యూరోలు కట్టి కొనుక్కోవాలి. తొలినాళ్లలోనే అది సుమారు 18 వేల యూరోలు ఉండేది.

మరి కారు లేనివాళ్లో? ఇక్కడో తమాషా ఉంది. ఇల్లు కడితే కారుకు చోటు చూపించాల్సిందేనని అప్పట్లో ఆ రాష్ట్ర చట్టం. కారే లేనివాళ్లు ఎందుకు చూపించాలి? చట్టాన్ని మార్చడం తమ చేతుల్లో లేదు కాబట్టి ఓ ఉపాయం పన్నారు. ‘కారు రహిత నివాస సంఘం’ పెట్టి, ఒక్కో కుటుంబం నుంచి ఒక్కసారికి సుమారు 3,700 యూరోలు తీసుకుని, ఎప్పుడైనా అవసరమైతే గ్యారేజీ కట్టేందుకంటూ ఓ ఖాళీస్థలాన్ని అట్టిపెట్టారు. కాగితం మీద అది గ్యారేజీ జాగా. కంటికి మాత్రం పచ్చిక! తమకు కారు లేదని ఆ కుటుంబాలు సంఘానికి లిఖితపూర్వకంగా హామీ ఇవ్వాలి. అప్పుడప్పుడూ కావాలంటే అద్దె కార్లుంటాయి. వోబాన్‌లో 70 శాతం కుటుంబాలకు కారు లేదనీ, 57 శాతం ఇక్కడికి వస్తూ కారు అమ్మేశారనీ 2009లో న్యూయార్క్ టైమ్స్ రాసింది.

అందరూ అంత బుద్ధిగా ఉన్నారా అంటే... లేదు. కారు లేదని సంతకం పెట్టి పక్కపేట వీధిలో నిలుపుకునేవాళ్ల మీద ఫిర్యాదులూ వచ్చాయి. అయినా కారు లేకుండా ఉండగలిగేవాళ్లే ఎక్కువ. కారణం వాళ్ల త్యాగబుద్ధి కాదు, అవసరం పెద్దగా రాకపోవడం. 2006లో వోబాన్‌కు ట్రామ్ వచ్చింది. దానికోసం నడివీధిలో చోటు మొదటి ప్లానులోనే వదిలిపెట్టారు. ఊరికి పడమటనున్న రీజెల్‌ఫెల్డ్ అనే మరో కొత్త పేటలోనైతే ఇళ్లన్నీ పూర్తికాకముందే, 1997లోనే ట్రామ్ తిరిగింది. జనం వచ్చి కారు కొనుక్కున్నాక ట్రామ్ వేస్తే ఎక్కేదెవరు? ముందే ఉంటే కారు కొనాలన్న ఆలోచనే రాదు... అదీ లెక్క.

కింద అంగడి, పైన ఇల్లు

ట్రామ్ వోబాన్‌లోకి ప్రవేశిస్తుండగానే రంగురంగుల గోడలతో, ఓడలా పొడవాటి భవనం కనిపిస్తుంది. దాని పేరూ ‘సూర్యనౌక’ అనే. రోల్ఫ్ డిష్ అనే ఆర్కిటెక్టు సృష్టి. కింద దుకాణాలు, వాటిపైన ఆఫీసులు, అన్నిటికన్నా పైన తొమ్మిది ఇళ్లు. రోడ్డు రొద వెనక్కి వెళ్లకుండా ఆ భవనమే అడ్డుగోడ. వెనకాల వరసగా యాభై చెక్క ఇళ్లు. మొత్తం ఈ 59 ఇళ్ల ‘సౌర పల్లె’ ఏడాది మొత్తమ్మీద వాడుకునేదానికన్నా ఎక్కువ విద్యుత్తు తయారుచేసేలా కట్టారు.

కింద కొట్టు, పైన కాపురం మన బజారువీధులకు కొత్తేమీ కాదు. ఐరోపా నగరాల్లోనూ ఒకప్పుడు అంతే. ఇరవయ్యో శతాబ్దంలో ‘ఇళ్లు ఒకచోట, ఆఫీసులు మరోచోట, దుకాణాలు ఇంకోచోట’ అని గీతలు గీసి విడదీశారు. దాంతో పాలప్యాకెట్టుకీ బండి తీయాల్సి వచ్చింది. వోబాన్ ఆ గీతల్ని చెరిపేసింది. బడి, కిరాణా, బేకరీ అన్నీ నడిచి వెళ్లేంత దూరమే. 1999లో కట్టిన ఓ నాలుగంతస్తుల భవనం పేరే ‘నివాసం, పని’. ఇళ్లూ ఆఫీసులూ ఒకే కప్పుకింద ఉంటాయి.

ఇక ఇళ్ల నిర్మాణంలో మన పెంకుటింటి చూరు కిటుకే కనిపిస్తుంది. దక్షిణం వైపు పెద్ద కిటికీలు, వాటిపైన ముందుకు చాచిన కప్పు. వేసవిలో సూర్యుడు నడినెత్తికి దగ్గరగా ఉంటాడు కాబట్టి చూరు ఎండను ఆపేస్తుంది. చలికాలంలో కిందుగా ఉంటాడు కాబట్టి ఎండ నట్టింట్లోకి వస్తుంది. గోడలకు మందపాటి ఉష్ణనిరోధక పొర ఉంటుంది. లోపలి గాలి బయటికి పోతూ తన వెచ్చదనాన్ని లోపలికొచ్చే చల్లగాలికి ఇచ్చి వెళ్తుంది. వోబాన్‌లో కొత్త ఇల్లేదైనా చదరపు మీటరు వేడిచేయడానికి ఏడాదికి 65 యూనిట్లు మించకూడదన్నది నిబంధన. ఈ ‘పాసివ్’ ఇళ్లకైతే 15 యూనిట్లు చాలు. అక్కడి విద్యుత్ కేంద్రం చెక్కముక్కలూ సహజవాయువుతో కరెంటు తయారుచేస్తూ, ఆ వేడిని గొట్టాల ద్వారా ఇంటింటికీ పంపుతుంది.

ద్రాక్షరైతుల చలవ

ఈ ఊరికి ఇంత పట్టుదల ఎక్కణ్నుంచి వచ్చిందంటే ద్రాక్షతోటల్లోకి వెళ్లాలి. ఫ్రైబుర్గ్‌కు 30 కిలోమీటర్ల దూరంలో వీల్ అనే పల్లె ఉంది. 1970ల్లో అక్కడ అణువిద్యుత్ కేంద్రం కడతామంది రాష్ట్ర ప్రభుత్వం. అది లేకుంటే కొన్నేళ్లలో రాష్ట్రం చీకటైపోతుందని ముఖ్యమంత్రి ఫిల్బింగర్ హెచ్చరించారు. శీతలీకరణ గోపురాల ఆవిరి పొగమంచై తోటల్ని దెబ్బతీస్తుందని రైతులు భయపడ్డారు. 1975 ఫిబ్రవరిలో నిర్మాణ స్థలాన్ని ఆక్రమించారు. ఫ్రైబుర్గ్ విద్యార్థులూ, నది అవతలి ఫ్రెంచి రైతులూ వాళ్లతో చేరారు. ఆ కేంద్రం ఇక కట్టనేలేదు. రాష్ట్రం చీకటీ కాలేదు!

అణువిద్యుత్తు వద్దంటే సరిపోదు, మరేది కావాలో చెప్పాలి కదా. 1981లో ఫ్రైబుర్గ్‌లో ఫ్రౌన్‌హోఫర్ సౌరశక్తి పరిశోధన సంస్థ మొదలైంది. 1986లో చెర్నోబిల్ ప్రమాదం జరగడంతో నగర మండలి అణువిద్యుత్తుకు దూరం జరగాలని తీర్మానించింది. 2000లో దేశమంతటికీ వచ్చిన చట్టం సౌరవిద్యుత్తుకు ఇరవయ్యేళ్లపాటు నిర్ణీత ధర ఇస్తామని హామీ ఇచ్చింది. దాంతో ఇళ్ల కప్పులమీద ఫలకాలు పెట్టుకోవడానికి మామూలు కుటుంబాలకూ ధైర్యమొచ్చింది. 2023 ఏప్రిల్‌లో జర్మనీ చివరి మూడు అణువిద్యుత్ కేంద్రాలనూ మూసేసింది.

ఇంతకీ ఇల్లు దొరుకుతుందా?

అంతా బాగానే ఉంది. కానీ ఇప్పుడు వోబాన్‌లో ఇల్లు కొనడం మామూలు ఉద్యోగికి అందని ద్రాక్షే. బాగున్న చోటికి అందరూ రావాలనుకుంటారు, ధర పెరుగుతుంది. ఫ్రైబుర్గ్ అంతటా అద్దెలు మండిపోయాయి. ఆస్పత్రి నర్సూ, ట్రామ్ డ్రైవరూ ఊళ్లో ఇల్లు దొరక్క ఎక్కడో పల్లెలో ఉంటూ రోజూ కారులో రావాల్సి వస్తే, కారు లేని పేట కట్టి ఏం లాభం?

ఆ ప్రశ్న ఎన్నికల్లోనూ కనిపించింది. 2002 నుంచి మేయరుగా ఉన్న గ్రీన్ పార్టీ నేత డీటర్ సాలొమోన్, 2018లో అందుబాటు ధర ఇళ్లే ప్రధాన నినాదంగా వచ్చిన మార్టిన్ హార్న్ చేతిలో ఓడిపోయారు. పరిష్కారంగా ఊరికి పడమట డీటెన్‌బాఖ్ అనే కొత్త పేటను ప్రతిపాదించారు. దాదాపు 6,900 ఇళ్లు, 16 వేల మందికి చోటు. సగం ఇళ్లు రాయితీ అద్దెలకివ్వాలన్నది నగరం లక్ష్యం. ట్రామ్, బడులు, దుకాణాలు అన్నీ ప్లానులోనే.

అయితే ఆ స్థలం... పంటపొలం! రైతులు ఎదురుతిరిగారు. పర్యావరణవాదుల్లోనూ చీలిక వచ్చింది. ‘ఉన్న భవనాలమీద అంతస్తులు వేయండి, పార్కింగ్ స్థలాల్లో కట్టండి, పొలం జోలికి రావద్దు’ అన్నారు ఒకరు. ‘ఇక్కడ కట్టకపోతే జనం పల్లెల్లో విడివిడిగా ఇళ్లు కడతారు, ఇంకా ఎక్కువ పొలం పోతుంది, కార్లూ పెరుగుతాయి’ అన్నారు మరొకరు. చివరికి 2019 ఫిబ్రవరి 24న నగర ప్రజలే ఓటేసి తేల్చారు. 60 శాతం మంది కట్టాలన్నారు. 2024 ఫిబ్రవరిలో అప్పటి ఛాన్సలర్ ఓలాఫ్ షోల్జ్ వచ్చి పనులకు పలుగు పట్టారు. 1975లో రైతుల పక్కన నిలబడి గెలిచిన ఊరు, పిల్లలకు ఇళ్లు కావాలంటూ నలభై నాలుగేళ్ల తర్వాత తన రైతుల పొలాల్నే అడగాల్సి వచ్చింది!

బుధవారం మధ్యాహ్నాలు వోబాన్ నడిమధ్య కూడలిలో రైతుబజారు పెడతారు. పక్కనే ఒకప్పటి సైనికాధికారుల క్లబ్బు, ఇప్పుడు పేటవాసుల సమావేశ మందిరం. నగరం కూల్చేద్దామనుకుంటే జనం పట్టుబట్టి నిలబెట్టుకున్నారు. సంచి నిండా కూరలు, సైకిల్‌కి తగిలించిన బండిలో పిల్లలు, వాళ్లను దాటుకుంటూ గడ్డిమీద చప్పుడు లేకుండా సాగిపోయే ట్రామ్. చూడటానికొచ్చిన మేయర్లు సౌరఫలకాలకూ సూర్యనౌకకూ ఫొటోలు తీసుకుంటారు. నిజానికి రాసుకుని వెళ్లాల్సింది మరొకటుంది: ఇల్లు, బజారు, బండి, కరెంటు... నాలుగింటి గురించీ ఒకేసారి ఆలోచించాలి, ఆ ఆలోచనలో అక్కడ ఉండబోయేవాళ్లు ఉండాలి. ఆ పేటలోకి రాలేకపోయినవాళ్లు కూడా!