షౌక్ కాదు, అమానత్

ఉప్పునీటి అక్వేరియం పెడతానంటే అమ్మీ మొదటి సవాల్ ఇదీ: "అల్లాహ్ మఖ్లూఖ్‌ని గాజుతొట్టిలో ఖైద్ చేయడం గునా కాదారా?" అబూ ఉమైర్ అనే పిల్లాడు పెంచుకున్న చిన్న పిట్ట హదీసు గుర్తుచేశాను. ప్రవక్త (స) ఆ పిల్లాణ్ని ప్రేమగా పలకరించారే గాని మందలించలేదు. "సరే, పిల్లిని కట్టేసి ఆకలికి చంపిన ఆడమనిషి హదీసు కూడా యాద్ పెట్టుకో" అంది అమ్మీ.

మా ఇంటికి తెచ్చుకున్నది కోరల్ బ్యూటీ. మరుగుజ్జు ఏంజెల్ చేపల ఖాందాన్. 10 సెంటీమీటర్లకు అటూ ఇటూ పెరుగుతుంది. ఊదా నీలం ఒళ్లు, పక్కల నారింజ. రాళ్లమీది నాచు గీక్కు తినడం దాని రోజువారీ రిజ్క్. అందుకే కొత్త తొట్టిలో వేయకూడదు. నాచు పట్టి, నీళ్లు కుదురుకునేదాకా నెలల తరబడి సబ్ర్ పట్టాలి. నీళ్లు ఆవిరైనా ఉప్పు మిగిలిపోతుంది. కాబట్టి రోజూ తగ్గినంత మేర శుద్ధిచేసిన మంచినీళ్లే పోసి, ఉప్పును లీటరుకు 35 గ్రాముల దగ్గర నిలబెట్టాలి.

అసలు జిమ్మేదారీ చేప ఇంటికి రాకముందే మొదలవుతుంది. ఫిలిప్పీన్స్ లాంటి చోట్ల సయనైడ్ చల్లి, మత్తెక్కించి చేపలు పట్టేవాళ్లున్నారు. దాంతో పగడాలు చస్తాయి. చేప కూడా హుషారుగా కనిపిస్తూనే కొన్నాళ్లకు చచ్చిపోవచ్చు. అందుకే రంగు చూసి బేరమాడలేదు. ఎక్కడిది, వలతో పట్టిందేనా అని అడిగాను. జవాబు లేని రెండు దుకాణాల నుంచి ఖాళీ చేతుల్తో వచ్చాను. మూడోచోట దొరికింది.

గోష్త్ కొనేటప్పుడు హలాలేనా అని అడుగుతాం. షౌక్ కోసం కొనే ప్రాణం గురించి కూడా అంత పూఛ్‌తాఛ్ చేయొద్దూ?