గీత దాటిన పిమ్మట

1964వ సంవత్సరము అక్టోబరు 21వ తేదీన టోకియో నగరమున ఒలింపిక్ మారథాను పందెము జరిగెను. ఆ పందెపు దూరము 42 కిలోమీటర్ల 195 మీటర్లు. ఇథియోపియా దేశీయుడగు అబెబె బికిలా దానిని 2 గంటల 12 నిమిషములలో ముగించి ప్రథముడుగా నిలిచెను. అంతకు అయిదారు వారములకు ముందే ఆయనకు అపెండిసైటిసు వ్యాధికి శస్త్రచికిత్స జరిగియుండెను. అట్టివాడు గీత దాటగనే కూలబడునని ఎవరైనను తలతురు. బికిలా కూలబడలేదు. మైదానము నడుమనున్న పచ్చిక మీదికేగి, వెల్లకిల పరుండి, కాళ్లు పైకెత్తి ఆడించుచు వ్యాయామము చేయసాగెను. రెండవవాడు వచ్చుటకు ఇంకను నాలుగు నిమిషములు పట్టెను!

చూచినవారికి అది గర్వముగా తోచియుండవచ్చును. కాని అందు విజ్ఞత లేకపోలేదు. పరుగిడునపుడు కాలి కండరములు బిగియుచు సడలుచు రక్తమును గుండెవైపునకు నెట్టుచుండును. ఒక్కసారిగా నిలిచిపోయినచో ఆ తోడ్పాటు ఆగును. రక్తము కాళ్లలో నిలిచి, మెదడునకు చాలినంత అందక, తల తిరుగును. కావుననే గీత దాటినవాడు వెంటనే చతికిలబడక కొన్ని నిమిషములు మెల్లగా నడువవలెను. తల తిరిగినచో మాత్రము పరుండి, కాళ్లు ఎత్తుగా పెట్టుకొనుట మేలు. బికిలా చేసిన విన్యాసములు అందరికి అక్కరలేదు, నడక చాలును.

దీర్ఘదూరపు పరుగు శరీరమునొద్ద తీసికొన్న చేబదులు వంటిది. కండరములలో నిలువయుండు గ్లైకోజెన్ అను పిండిపదార్థము చాలవరకు వ్యయమైపోవును. అది మరల నిండుటకు ఒక దినమో, అంతకంటె ఎక్కువయో పట్టును. అందువలన గంట రెండు గంటలలోపల అన్నమో, అరటిపండో, పాలో పుచ్చుకొనుట మంచిది. చెమటతో నీరే కాక ఉప్పును పోవును. దప్పిక తీరునంతవరకు త్రాగవలెను గాని, కడుపు ఉబ్బునట్లు వట్టి నీరు త్రాగరాదు. రక్తములోని ఉప్పు పలుచబడి, మెదడు వాచి, ప్రాణములు కోల్పోయిన పరుగరులును కలరు. ఎండలో పనిచేసి వచ్చినవారికి మన పల్లెలలో ఉప్పు వేసిన మజ్జిగయో గంజియో ఇచ్చు అలవాటు ఊరక పుట్టలేదు.

అసలు బాధ మరునాడు మొదలగును. మేడమెట్లు ఎక్కుట సులువే, దిగుటయే కష్టము! దిగునపుడు తొడకండరములు సాగుచునే బరువును మోయవలసియుండును. ఈ నొప్పికి లాక్టిక్ ఆమ్లము కారణమని చాలమంది నమ్ముదురు. అది సరికాదు. ఆ ఆమ్లము ఇంచుమించు ఒక గంటలోనే రక్తమునుండి తొలగిపోవును. నొప్పికి మూలము కండరపు పోగులలో కలిగిన సన్నని చీలికలు. వానికి మందు నిద్రయు, కాలమును. 1952లో హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో 5,000, 10,000 మీటర్ల పందెములను గెలిచి, తన మొట్టమొదటి మారథానును సైతము గెలిచిన ఎమిల్ జాటొపెక్ అంతటివాడే, ఆ పిమ్మట వారము దినములు నడువలేకపోతినని చెప్పుకొనెను. నాలుగవనాడే నొప్పి తగ్గినదని మరల పరుగునకు దిగువాడు ఆయనకంటె బలవంతుడు కాడు. తొందరపాటు కలవాడు మాత్రమే.

ఈ చేబదులు ఒక్కొక్కప్పుడు తీరని ఋణమగుటయు కలదు. 1954వ సంవత్సరము ఆగస్టు మాసమున వాంకూవరు నగరమున కామన్‌వెల్తు క్రీడలు జరిగెను. ఆనాటికి మారథానును అందరికంటె వేగముగా పరుగిడిన జిమ్ పీటర్స్ మండుటెండలో ఇంగ్లండు పక్షమున పరుగిడెను. పందెము నడుమ నీరు త్రాగుట బలహీనతయని పలువురు తలచెడి దినములవి. ఆయన తక్కినవారినందరను ఎంతో వెనుకవిడిచి క్రీడారంగమున ప్రవేశించెను. మిగిలినది కొలదిపాటి దూరము. ఆ కొలది దూరములోనే ఆయన తూలుచు, పడుచు, లేచుచు, మరల పడుచు పది నిమిషములకు పైగా పెనుగులాడెను. ముగింపు గీతను చేరకయే ఆయనను ఆసుపత్రికి గొనిపోయిరి. ప్రాణము దక్కెను. అప్పటికి ఆయన వయస్సు 35 సంవత్సరములు. ఆ పిమ్మట ఆయన మరెన్నడును పందెమున పరుగిడలేదు.