మెంటర్ రిజిస్టర్‌లో 17వ నంబరు

న్యాక్ టీమ్ రావడానికి పది రోజుల ముందు మా డిపార్ట్‌మెంట్‌కి నాలుగు రకాల పెన్నులొచ్చాయి. నీలం, ముదురు నీలం, నలుపు, ఇంకో రకం నలుపు. మూడేళ్ల మెంటర్ రిజిస్టర్లు మూడు రోజుల్లో రాయాలి. అంతా ఒకే సిరాలో ఉంటే దొరికిపోతాం కదా!

నేనొక రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తాను. ఆర్డర్ కాపీలో నా హోదా ‘అకడమిక్ కన్సల్టెంట్’. పేరు చూస్తే పిల్లలకి చదువు విషయంలో సలహాలిచ్చే పెద్దమనిషి అనిపిస్తుంది. అసలర్థం కాంట్రాక్టు లెక్చరర్ అని. పెళ్లి సంబంధాల వాళ్లకి మాత్రం మా అమ్మ మొదటి అర్థమే చెప్తుంది.

సలహాలిచ్చే పని వేరే ఉంది. దాన్ని మెంటరింగ్ అంటారు. ఒక్కో లెక్చరర్‌కి ఇరవై మందికి అటూ ఇటూగా పిల్లల్ని అప్పగిస్తారు. వాళ్లతో అప్పుడప్పుడూ కూర్చుని ఎలా చదువుతున్నారు, ఎందుకు రావట్లేదు, ఇంట్లో ఏమైనా ఇబ్బందా అని కనుక్కోవాలి. న్యాక్ లెక్కల్లో మెంటర్‌కి ఎంతమంది విద్యార్థులు అన్నదీ ఒక అంశమే. అందుకే ప్రతి కాలేజీలోనూ రిజిస్టర్ ఉంటుంది. కూర్చోవడం సంగతి మీరూ స్టూడెంటే అయితే మీకే తెలుసు. ఎన్నిసార్లు సంతకం పెట్టమని పిలిచారు, ఎన్నిసార్లు మాట్లాడటానికి పిలిచారు?

నాకు 22 మంది. ఆ సాయంత్రం సమోసాలు తింటూ వరసగా రాసుకుంటూ పోతున్నాను. ‘సమస్య: లేదు. సలహా: శ్రద్ధగా చదవమని చెప్పడమైనది. పురోగతి: సంతృప్తికరం.’ ఇరవై సార్లు రాశాక చెయ్యే రాసేస్తుంది, బుర్రతో పని లేదు. పక్కన మా సీఆర్ కూర్చుని సంతకాలు లేనిచోట పెన్సిల్‌తో టిక్కు పెడుతున్నాడు. 17వ నంబరు దగ్గర ఆగాడు.

“సార్, ఈ అమ్మాయి ఎక్కడుంది సార్? సెకండియర్ సెకండ్ సెమ్ మొదట్లోనే మానేసింది కదా.”

నేను పేజీ చూశాను. ఆ అమ్మాయి మానేసిన రెండు నెలల తర్వాతి తేదీ. ‘మీటింగ్‌కు హాజరు. పురోగతి సంతృప్తికరం.’ ముదురు నీలం సిరా. నా దస్తూరీయే.

పక్క టేబుల్ మాస్టారు తల కూడా ఎత్తకుండా, “డ్రాపవుట్ అని రాయకండి, మళ్లీ దానికో ఎక్స్‌ప్లనేషన్ అడుగుతారు” అన్నారు. ఆయన తప్పేం లేదు. ఆయనకీ ఇరవై నాలుగు మంది, వారానికి పద్దెనిమిది గంటల క్లాసులు, రెండు నెలలుగా రాని జీతం.

నాకు మాత్రం సమోసా దిగలేదు. కారణం మా మేడమ్.

పదేళ్ల కిందట నేను సెకండియర్‌లో ఉన్నప్పుడు ఈ రిజిస్టర్లేవీ మా కాలేజీలో లేవు. ఒకరోజు ల్యాబ్ అయ్యాక మేడమ్ నన్ను ఆపి, “ఒరేయ్, సోమవారాలు ఏం చేస్తున్నావురా? ఒక్కటీ రావట్లేదు” అన్నారు. తిడతారనుకుని జ్వరాలూ, బస్సులూ ఏవో చెప్పాను. ఆవిడ ఏమీ అనకుండా నా మొహం వంకే చూస్తూ కూర్చున్నారు. చివరికి చెప్పేశాను. ఆదివారం రాత్రిళ్లు పెళ్లిళ్లలో క్యాటరింగ్‌కి వెళ్తున్నాను. వడ్డన, ఆ తర్వాత సామాన్లు సర్దడం. రూమ్‌కి వచ్చేసరికి తెల్లారిపోతుంది.

ఆవిడ ఇన్విజిలేషన్ డ్యూటీ కాగితం వెనక్కి తిప్పి అంకెలు వేశారు. ఇప్పటిదాకా జరిగినవి 240 గంటలు, నువ్వొచ్చినవి 168, అంటే 70 శాతం. ఇంకా జరగాల్సినవి 60. మొత్తం 300కి 75 శాతం అంటే 225. మిగతావన్నీ వస్తే నీకు 228. “అంటే నీ దగ్గరున్నది మూడు గంటలు. ఇంకొక్క సోమవారం పడుకున్నావంటే అవీ పోతాయి.” 75 కంటే తగ్గితే ఏమవుతుందో కూడా అప్పుడే చెప్పారు. 65 దాకా అనారోగ్యం లాంటి కారణం చూపించి, ఫీజు కట్టి కండొనేషన్ అడగొచ్చు. 65 లోపు అయితే ఎవరూ ఏమీ చెయ్యలేరు, డిటెయిన్. ఆ సెమిస్టర్ జూనియర్లతో మళ్లీ చదవాలి. చదివేసిన సెమిస్టర్‌కి రీయింబర్స్‌మెంట్ రెండోసారి రాదు.

ఇవన్నీ రెగ్యులేషన్ బుక్‌లో ఉన్న సంగతులే. అడ్మిషన్ రోజున దాని పీడీఎఫ్ మాకూ పంపారు. ఎవరు చదివాం? క్యాటరింగ్ ఆయనతో మాట్లాడి శనివారాలకి మారాను. ఆ సెమిస్టర్ 76 శాతంతో బయటపడ్డాను. ఆ కాగితం ఏ రిజిస్టర్‌లోనూ అతికించలేదు.

ఇప్పుడు నా దగ్గర రిజిస్టర్ ఉంది. 17వ నంబరు ఎదురుగా ఫోన్ నంబరు కూడా ఉంది. ఏడాదిగా ఉంది.

మర్నాడు చేశాను. నాలుగోసారికి ఎత్తింది. “సార్, మీరా... ఏమైంది సార్?” అని కంగారు పడింది. కాలేజీ నుంచి ఫోనొస్తే ఏదో ఫీజు బాకీ అనే అనుకుంటారు మన పిల్లలు. వెనకాల ఎవరో చీరల రేట్లు చెప్తున్నారు. టౌన్‌లో బట్టల షాపులో సేల్స్‌లో చేరిందట. ఎందుకు మానేశావమ్మా అనడిగితే చాలా మామూలుగా చెప్పింది.

“తొమ్మిది బ్యాక్‌లాగ్స్ సార్. తొమ్మిదుంటే థర్డ్ ఇయర్‌కి పంపరు, డిటెయిన్ చేస్తారని గ్రూప్‌లో సీనియర్లు పెట్టారు. ఎలాగూ పోతుంది కదా, నాన్నకి ఖర్చెందుకని...”

మా ఆర్-20 రెగ్యులేషన్‌లో సబ్జెక్టుల లెక్క లేదు, క్రెడిట్ల లెక్క ఉంది. థర్డ్ ఇయర్‌కి వెళ్లాలంటే రెండేళ్ల మొత్తం క్రెడిట్లలో 40 శాతం తెచ్చుకోవాలి. సుమారు 80కి 32. పోర్టల్ తెరిచి ఈ అమ్మాయివి కూడాను. మూడు సెమిస్టర్లకే 33 వచ్చాయి.

ఫోన్‌లో కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను. తొమ్మిది సప్లీలున్నా ఆ అమ్మాయి క్లాసులకి వచ్చి ఉంటే థర్డ్ ఇయర్‌లో కూర్చునేది. సప్లీలు ఒక్కొక్కటే రాసుకునేది. డిటెయిన్ అవుతానని భయపడి మానేసింది. మానేసింది కాబట్టి హాజరు లేక నిజంగానే డిటెయిన్ అయింది. క్రెడిట్ల డిటెన్షన్ వేరు, అటెండెన్స్ డిటెన్షన్ వేరు అని చెప్పడానికి రెండు నిమిషాలు పట్టేది. ఆ రెండు నిమిషాలు నావి.

ఈ మాట ఆ అమ్మాయికి చెప్పాలా వద్దా అని ఆలోచించాను. చెప్పాను. “ముప్పై మూడా సార్?” అంది. ఇంకేమీ అనలేదు. షాపులో ఎవరో పిలిస్తే పెట్టేసింది.

రాత్రి తనే చేసింది. మళ్లీ చేరొచ్చా అని. చేరొచ్చు. జూనియర్ల సెకండ్ సెమిస్టర్ మొదలయ్యే ముందే రీఅడ్మిషన్‌కి అప్లై చెయ్యాలి. ఆ తేదీ దాటితే ఇంకో ఏడాది. పైగా జూనియర్లది ఆర్-23. సిలబస్ మారింది కాబట్టి తనకి కొన్ని సబ్జెక్టులు బదులు ఇస్తారు, ఆ జాబితా యూనివర్సిటీ నుంచి రావాలి. రీయింబర్స్‌మెంట్ మీద మాత్రం నేను హామీ ఇవ్వలేనని చెప్పాను. ఆఫీసులో కనుక్కుందాం అన్నాను. షాపు ఓనర్ ఒక నెల జీతం సంక్రాంతి దాకా ఆపి ఉంచాడట, అంతవరకూ మానలేదు. మంగళవారం వీక్లీ ఆఫ్. ఆ మంగళవారం వాళ్ల నాన్నతో వచ్చింది. ఆయన ఆఫీసు గుమ్మం బయటే చెప్పులు విడిచి నిలబడ్డాడు, ఎంత పిలిచినా లోపలికి రాలేదు. ఫారం నింపి ఇచ్చాం. హెచ్‌ఓడీ సంతకం అయింది, ప్రిన్సిపాల్ సంతకం కావాలి.

రిజిస్టర్‌లో ‘సంతృప్తికరం’ కొట్టేస్తానంటే హెచ్‌ఓడీ వద్దన్నారు. కొట్టివేతలుంటే టీమ్‌కి అనుమానం వస్తుందట. స్పైరల్ బైండింగ్ కూడా అయిపోయింది. అది అలాగే వెళ్లింది. చూసిన పెద్దాయన పేజీలు తిప్పి, రికార్డులు బాగా మెయింటెయిన్ చేస్తున్నారని మెచ్చుకున్నారు.

నేను మిగతా 21 మందికీ ఫోన్లు మొదలుపెట్టాను. రోజుకి ముగ్గురు, క్లాసులయ్యాక. ఎక్కువమంది బాగానే ఉన్నారు. ఇద్దరికి బస్ పాస్ సమస్య. ఒకడు బ్రాంచ్ నచ్చక కాలేజీకొచ్చి క్యాంటీన్‌లో కూర్చుంటున్నాడు. రెండు నంబర్లు పనిచెయ్యడం లేదు.

నిన్న 9వ నంబరుకి చేస్తే వాళ్ల నాన్న ఎత్తాడు. పొలంలో ఉన్నట్టున్నాడు, గాలి హోరు. “మావాడితో మాట్లాడాలా సార్? వాడు అక్కడే, మీ కాలేజీలోనే ఉన్నాడు కదా. పొద్దున్నే బస్సెక్కించాను” అన్నాడు.

నా ముందు హాజరు పట్టీ తెరిచి ఉంది. ఆ కుర్రాడి పేరు ఎదురుగా మూడు వారాలుగా అన్నీ ‘ఏ’లే.