43 ఏళ్ల కుర్ర గొంతు

పాట మధ్యలో బాలు నవ్వితే నాకు చిరాకు. కాలేజీ రోజుల నాటి చిరాకు అది. చరణంలో ఆ చిన్న నవ్వు, ఆ గోముగా సాగదీయడం... "ఇది పాటా, నటనా?" అని హాస్టల్లో తెల్లారేదాకా వాదించేవాణ్ని. గెలిచాననే అనుకునేవాణ్ని.

పోయిన నెల పూణె నుంచి మా ఆవిడ ఫోన్లో ఒక మాట అంది. "నువ్వు ప్రేమ గురించి కూడా పొద్దున స్టాండప్‌లో స్టేటస్ చెప్పినట్టే చెప్తావ్." తనకి అక్కడ ప్రాజెక్టు, నాకిక్కడ హైదరాబాద్‌లో. మనసులో ఉంటే చాలదా, గొంతులో కూడా చూపించాలా, అది నటన కాదా అన్నాను. సరేలే అని పెట్టేసింది. ఆ తర్వాత రెండు వారాంతాలు రాలేదు. నేను వాడింది పాత హాస్టల్ పాయింటే అని ఆలస్యంగా వెలిగింది.

మొన్న బిల్డ్ అయ్యేలోపు ఖాళీగా కూర్చుని 1989 సినిమాలు చూసుకుంటున్నా. జనవరిలో 'ప్రేమ', మేలో 'గీతాంజలి', డిసెంబరు చివర్లో హిందీ 'మైనే ప్యార్ కియా'. మూడింట్లోనూ హీరో గొంతు బాలుదే. వెంకటేశ్, నాగార్జున ఇద్దరూ 30 లోపే. సల్మాన్‌కి అప్పుడే 24 నిండాయి. పాడినాయనకి ఆ జూన్‌లో 43 వచ్చాయి, ఇంట్లో ఇద్దరు పిల్లలు. ఆ ప్రేమలో ఉన్నది ఆయన కాదు. స్టూడియోకి వెళ్లి, మైకు ముందు నిలబడి పని చేసొచ్చాడు. దాన్ని అబద్ధం అందామంటే, దేశంలో సగం మంది కుర్రాళ్లు ఆ పాటలు అరువు తెచ్చుకునే కదా ప్రేమించారు!

1966లో 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న'కి కోదండపాణి పాడించేనాటికి ఆయన మద్రాసులో ఏఎంఐఈ చదువుతున్నాడు. అంతకుముందు టైఫాయిడ్ వల్ల అనంతపురంలో ఇంజనీరింగ్ ఆగిపోయింది. (ఆ టైఫాయిడ్‌కి మనం రుణపడి ఉన్నాం.) 1981లో 'ఏక్ దూజే కే లియే'కి లక్ష్మీకాంత్-ప్యారేలాల్ మొదట సందేహించారు, ఈ దక్షిణాది యాస హిందీకి నప్పుతుందా అని. హీరో తమిళ కుర్రాడే కదా, ఆ యాసే కావాలన్నాడు బాలచందర్. ఆ సినిమా పాటకే జాతీయ అవార్డొచ్చింది. అంటే యాస కూడా పాత్రే. నేను నటన అని కొట్టిపారేసిందే ఆయన అసలు పని. 'ప్రేమికుడు'లో హీరోకి తండ్రిగా వేసి ప్రభుదేవాతో కలిసి స్టెప్పులేశాడు, 2012లో 'మిథునం'లో లక్ష్మి పక్కన ముసలి మొగుడయ్యాడు. 2020లో పోయేదాకా ఆ పని ఆపలేదు.

ఆ రాత్రి హెడ్‌ఫోన్స్‌లో 'గీతాంజలి' పెట్టా. జానకితో పాడిన యుగళగీతంలో గొంతు పెంచడు. పక్కన మనిషికి మాత్రమే వినిపించాలన్నట్టు పాడతాడు. సినిమాలో ఆ ఇద్దరూ చావుకి దగ్గర్లో ఉన్నవాళ్లు. అంత తగ్గించి పాడాలంటే ఎదుటి మనిషి ఎంత దూరంలో ఉందో తెలియాలి. నాకు పూణె ఎంత దూరమో కిలోమీటర్లలోనే తెలుసు.

ఫోన్ తీసి మా ఆవిడకి వాయిస్ మెసేజ్ రికార్డ్ చేశా. విన్నా. అచ్చం స్టేటస్ రిపోర్టే. డిలీట్. రెండోది మరీ నాటకంలా ఉంది. ఆరో టేక్‌లో మధ్యలో ఎందుకో నవ్వొచ్చింది. తీసేయకుండా పంపేశా.

నీలం టిక్కులు పడ్డాయి. టైపింగ్ అని చూపిస్తోంది, ఆగుతోంది, మళ్లీ చూపిస్తోంది.